టైరు మీద వేలెడు సందు

1990 ఆగస్టు, శుక్రవారం

ఇంజనీరింగ్ పట్టభద్రుడనైన నేను ఈ రోజు నా ప్రతిభకు నేనే బలయ్యాను. నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ కొడుకు ముచ్చటపడ్డాడని ఈ పాత పికప్ స్ప్రింగులు కోసి, కిందికి దించి, పద్నాలుగు అంగుళాల చక్రాలు తీసేసి పదిహేను అంగుళాల వెడల్పాటివి బిగించింది నేనే. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య రెండు వేళ్ల సందు, అదే అందమట! ఇరాక్ సైన్యం రాగానే కఫీల్ ఇంటివాళ్లు సౌదీకి పారిపోయారు. తీసేసిన చక్రాలను సైనికులు పట్టుకుపోయారు.

తెల్లారితే జోర్డాన్ దారి పట్టాలి. నీళ్లు, పెట్రోలు పెట్టి ఏడుగురం ఎక్కేసరికి టైరు మడ్‌గార్డుకు రాసుకుంది.

"కోసిన స్ప్రింగు అతికియ్యలేవా ఇంజనీరూ?" అన్నాడు వంటమనిషి ఓబులేసన్న.

"కాలేజీలో కొయ్యడం వరకే చెప్పినారన్నా."

ఓబులేసన్న తన భార్యనూ బిడ్డనూ ఒకసారి చూసి మెల్లగా దిగాడు. వంగి, సందులో వేలు పెట్టాడు.

"దూరింది చూడప్పా. నేను తర్వాత వస్తాలే."

ఆయన్ను మళ్లీ ఎక్కించి నేను దిగి చూశాను. అప్పుడూ వేలు దూరింది. కానీ ఏడుగురిలో బండి నడపడం వచ్చింది నాకొక్కడికే.