కాటుక పెట్టిన వేలు

2 జులై, జగిత్యాల

ఆ పాప కళ్ళు పుట్టుకతోనే లోతుగా ఉండేవా?

పద్నాలుగేళ్ళుగా ఇదే ప్రశ్న. రేపటి నుంచి మళ్ళీ ట్రైనింగులు. పిల్లల్లో మోషన్స్, ఒంట్లో నీరు తగ్గడం, గుర్తుపట్టడం. కోరుట్లలో, తర్వాత సిరిసిల్లలో. ఏటా ఈ రోజుల్లోనే, కొత్త నీళ్ళు రాగానే. స్లైడ్లు సర్దుకుంటూ కూర్చున్నాను. కళ్ళ స్లైడు దగ్గర ఆగిపోయాను.

అప్పుడు సిరిసిల్లలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. అది ఇప్పుడు లేదు. పాపకు పది నెలలు, పేరు సంధ్య. చార్టులో చూడాల్సినవి నాలుగు: పిల్ల తీరు, కళ్ళు, దాహం, పొట్ట మీద చర్మం. రెండు తేడాగా ఉంటే అక్కడే నాలుగు గంటలు కూర్చోబెట్టి మన కళ్ళ ముందే ఓఆర్‌ఎస్ తాగించాలి. ఒక్కటే అయితే ప్యాకెట్లిచ్చి ఇంటికి పంపవచ్చు. పాప చురుగ్గానే ఉంది. చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకుంది. దాహం మాత్రం ఉంది, చెంచా లాక్కుంటోంది. కళ్ళు లోతుగా అనిపించాయి. ఎప్పుడూ ఇలాగే ఉంటాయా అని అడగాలి. అడిగాను. నానమ్మ ముత్తవ్వ చెప్పింది, మా ఇంటోళ్ళ కండ్లే గంత సిస్టరమ్మా, దీని తాతవి సూస్తే జడుసుకుందువు అని. అందరం నవ్వాం. కళ్ళు మామూలు అని రాశాను. డాక్టరు గారు సంతకం పెట్టారు, ప్యాకెట్లిచ్చి ఇంటికి పంపాం. నాకు ఐదున్నర బస్సు అందింది.

మర్నాడు పొద్దున తెచ్చేసరికి పాప మింగడం లేదు. కరీంనగర్ తీసుకుపోతుంటే దారిలో పోయింది.

నన్నెవరూ ఏమీ అడగలేదు. చార్టు ప్రకారం నేను చేసింది సరైనదే.

3 జులై, కోరుట్ల

ముప్పై ఇద్దరు ఆశా వర్కర్లు. ఒకరి పొట్ట మీద చర్మం ఒకరు పట్టి వదిలి, ఎన్ని సెకండ్లలో సర్దుకుంటుందో చూడమన్నాను. వెనుక బెంచీ ఆవిడ, నా పొట్ట పట్టుకుంటే రెండు సెకండ్లు గాదు మేడం, మాపటికి గూడ ఎనుకకు పోదు అంది. హాలంతా నవ్వు. లావు పిల్లల్లో, బాగా చిక్కిన పిల్లల్లో చర్మాన్ని అంతగా నమ్మకూడదని చెప్పడానికి అదే పనికొచ్చింది.

జ్యోతి అనే అమ్మాయి లేచి, కండ్లు పుట్టుకతోనే లోపలికి ఉన్నోళ్ళకు ఎట్ల తెలుస్తది మేడం అని అడిగింది. తల్లిని అడగండి అన్నాను. తల్లికి తెలుస్తుంది అన్నాను. చెబుతూ చెబుతూ నీళ్ళ సీసా వెతుక్కున్నాను.

4 జులై

వాన. ఏమీ రాయాలని లేదు.

5 జులై, కోరుట్ల. సాయంత్రం, బస్టాండులో

లంచ్ టైములో జ్యోతి నన్ను పక్క గల్లీకి లాక్కుపోయింది. ఒక పాపను చూడాలి మేడం, నాకు సమజైతలేదు అని.

పాప పేరు బుష్రా. పదకొండు నెలలు, బొద్దుగా ఉంది. నిన్నటి నుంచి ఎనిమిది సార్లు నీళ్ళ మోషన్లు. తండ్రి సాజిద్ సౌదీలో, దమ్మామ్‌లో ఉంటాడు. పాపను ఎత్తుకుని నానమ్మ సర్వర్ బీ మంచం మీద కూర్చుంది. కోడలు షగుఫ్తా, పాప తల్లి, వంటింటి పరదా దగ్గర నిలబడి ఉంది.

పాప ఏడవడం లేదు, చిరాకు లేదు. గ్లాసు చూపిస్తే రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. చర్మం వెంటనే సర్దుకుంది, కానీ ఆ పొట్ట మీద కొవ్వును నేను నమ్మను. ఇక మిగిలింది కళ్ళు. లోతుగానే ఉన్నాయి, పైగా కాటుక.

ఎప్పుడూ ఇలాగేనా అన్నాను.

సర్వర్ బీ, పుట్టినకాంచి గంతే బేటీ, అచ్చం మా సాజిద్ కండ్లు, నిఖాలో ఫొటోగ్రాఫర్ గూడ కండ్లు తెరువు బాబూ అన్నడు వానిని అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అదే మాట. పద్నాలుగేళ్ళ తర్వాత, వేరే ఊళ్ళో, వేరే ఇంట్లో అదే మాట. ఆమె అబద్ధం చెప్పడం లేదు. మనవరాలిలో కొడుకును చూసుకుంటోంది, అంతే.

ఫోన్లో పాత ఫొటోలున్నాయా అన్నాను. షగుఫ్తా వందల ఫొటోలు చూపించింది. అన్నిట్లో ఏదో ఫిల్టర్. ఎర్రటి బుగ్గలు, చేపల్లాంటి పెద్ద కళ్ళు. దుబాయి బొమ్మ లెక్క చేసింది నా పోరిని అని అత్త సణిగింది. పనికి రాలేదు.

కళ్ళు మామూలైతే ప్యాకెట్లిచ్చి వెళ్ళిపోవచ్చు. రెండింటికి క్లాసు ఉంది.

సర్వర్ బీని నీళ్ళు కాచమని లోపలికి పంపాను. షగుఫ్తాను కళ్ళ గురించి అడగలేదు. పొద్దున లేచినప్పటి నుంచి పాపకు ఏమేం చేశావో చెప్పు అన్నాను. మెల్లగా చెప్పింది. ఒళ్ళు తుడిచిన, బట్టలు మార్చిన, కాజల్ పెట్టిన. అక్కడ ఆగింది. దినాం ఏలు సీదా పోతది మేడం, ఇయ్యాల గుంతల పడ్డట్టు లోపలికి పోయింది, రెండుసార్లు తుడిచి పెట్టిన అంది. మరి ఇందాక చెప్పలేదేం అంటే, అమ్మీ చెప్తుండె గదా అని అత్త ఉన్న వంటింటి వైపు చూసింది.

పిల్లలకు కాటుక పెట్టొద్దని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను.

దాహం, కళ్ళు: రెండు. హెల్త్ సెంటరుకు తీసుకుపోయాం. పది కిలోల పిల్ల, ఏడు వందల యాభై ఎంఎల్ ఓఆర్‌ఎస్, నాలుగు గంటలు, చెంచాతో. ఇంట్ల తాగిస్తే దిగదా, బల్ల మీదనే కూసోవాల్నా అని సర్వర్ బీ మొదటి గంటంతా అన్నది. రెండో గంటలో చెంచా తానే తీసుకుంది. క్లాసు జ్యోతి చెప్పిందట. బాగానే చెప్పిందట.

6 జులై

జ్యోతి ఫోన్. బుష్రా రెండుసార్లు మూత్రం పోసింది.

సంతోషం ఉండాలి. ఉంది. కానీ ఆ రోజు నేను అడిగింది నానమ్మను. సంధ్య తల్లి ఎక్కడుంది? గుమ్మం దగ్గరా, పాపను ఎత్తుకునా? ఆమె ముఖం గుర్తు లేదు. బస్సు టైము గుర్తుంది.

9 జులై, సిరిసిల్ల. మధ్యాహ్నం

ట్రైనింగ్ అయ్యాక ఒకావిడ కుర్చీలు సర్దుతూ ఉండిపోయింది. అందరూ వెళ్ళాక దగ్గరికి వచ్చి, గప్పుడు మీకు కండ్లద్దాలు లేకుండె సిస్టర్ అంది.

రాజమణి. సంధ్య తల్లి. ఆశా వర్కరుగా తొమ్మిదేళ్ళట. పొద్దున్నుంచీ రెండో వరుసలో కూర్చుని నేను చెప్పిందంతా రాసుకుంది. కళ్ళ గురించి కూడా.

ఇల్లు దగ్గరే, చాయ్ తాగి పొండ్రి అంది. పక్క షెడ్డులో మగ్గాల చప్పుడుకు మాటలు సగం వినబడవు. చాయ్ ఇచ్చి, అటక మీద నుంచి ఒక స్టీలు చెంబు దింపింది.

మీరిచ్చిన ప్యాకెట్ గీ చెంబుల కలిపిన అంది. ప్యాకెట్ లీటరు నీళ్ళల్ల కలపాలంటిరి, లీటరంటే ఎంతనో గప్పుడు నాకెరుక లేదు, చెంబు నిండ పోసిన, తెల్లందాక తాగిచ్చిన. ఇప్పుడు ఊరందరికీ లీటరు కొలిచి చూపెడుత గని గీ చెంబుల మాత్రం నీళ్ళు పొయ్యలె ఇప్పటిదాక. ఉప్పు ఎక్కువై పాయెనా మేడం నా బిడ్డ?

నీ తప్పేమీ లేదు అన్నాను. అందరూ గట్లనే అంటరు అంది.

చెంబును పాత టవల్‌లో చుట్టి నా చేతిలో పెట్టింది. మీరు కొలవుండ్రి. లీటరుంటె ఫోన్ చెయ్యుండ్రి. తక్కువుంటె మాత్రం చెయ్యకుండ్రి.

కళ్ళ గురించి అప్పుడు అడగాల్సింది. నిన్ను అడగకుండా మీ అత్తను అడిగాను అని చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. బస్సుకు టైమైందా అని ఆమే అడిగింది. తల ఊపాను.

10 జులై

లీటరు పట్టిందంటే ఆమె సరిగ్గానే కలిపింది. అప్పుడు మిగిలేది కళ్ళు మామూలు అని నేను రాసిన ఆ ఒక్క మాట. తక్కువ పట్టిందంటే నాకు కొంచెం తేలిక. ఆ తేలిక కోసం నేను ఎదురు చూస్తున్నానేమో అని భయం.

కొలవకుండానే ఫోన్ చేసి లీటరు ఉంది అని చెప్పవచ్చు.

13 జులై

చెంబు టేబుల్ మీద ఉంది. పక్కన లీటరు సీసా, నిండుగా. నాలుగు రోజులైంది. పొయ్యాలా వద్దా, నాకింకా తెలియడం లేదు.