టాంపెరెలో మూడు మునకలు

సింగపూర్,
12-11-2000

ఇందుమూలముగా సమస్త బంధుమిత్రులకు తెలియజేయడమేమనగా, గత ఆదివారం లిటిల్ ఇండియాలో వెంకటరాజు గారి కుడికాలి చెప్పు తెగినది. కుట్టు వేయించడమైనది. ఎవరూ ఆందోళన చెందవలదు.

చి.ల.సౌ. చెల్లెలు రాజకుమారికి అన్నయ్య దీవెనలు. ఇక్కడ నేను కులాసా. మీరు మాత్రం కులాసాగా లేరని నీ ఉత్తరం చూస్తే తెలిసింది. అమ్మాయి నవత ప్రయాణం ఆపేశావట. పెళ్లయి నాలుగు నెలలు కాలేదు, మొగుడు ఫిన్లాండులో, పెళ్లాం నీ వంటింట్లో!

నువ్వడిగినవాటికి జవాబులు. అల్లుడుండే టాంపెరె రెండు పెద్ద సరస్సుల మధ్య ఊరే. పై సరస్సు కింది దానికంటే పద్దెనిమిది మీటర్లు ఎత్తు. ఆ నీళ్లు ఊరి నడిబొడ్డున దూకుతాయి. ఆ జోరుతోనే వెనకటికి బట్టల మిల్లులు తిప్పారు. డిసెంబరులో సూర్యుడు ఐదారు గంటలే డ్యూటీ చేస్తాడు, జూన్‌లో పొమ్మన్నా ఇంటికి పోడు. నెత్తురుతో చేసిన నల్ల సాసేజి తింటారన్నదీ నిజమే, కానీ ఎవరి నోట్లోనూ కుక్కరు. ఇవన్నీ మా జురాంగ్ ఐలాండ్ క్యాంటీన్‌లో నా చేతి టీ తాగే ఆ ఊరి ఇంజనీరు పెక్క చెప్పినవి.

ఇక పెక్క చెప్పాడని పోయిన ఉత్తరంలో నేను రాసిన, గడ్డకట్టిన సరస్సుకు కన్నం కొట్టి, కొత్త కోడలిచేత మూడు మునకలు వేయించే ఆచారం. "వెళ్లిన రోజేనా, నెల తర్వాతా? స్వెట్టరు ఉంచుకోనిస్తారా?" అని అడిగావు. ఆగు, చెబుతాను.

మొన్న అల్లుడు శ్యాంసుందర్ ఫోన్ చేశాడు.

"మావయ్యగారూ, కోడళ్లని ముంచే ఆ కన్నం ఎక్కడుందండీ? అత్తయ్యగారు చూసి రమ్మన్నారు."

నాకు నవ్వాగలేదు. "ఎతుకు నాయనా, దొరుకుద్ది."

"ఎతుకుతానండీ. నవతకి కొన్న ఉన్ని కోటు తలుపెనకాల ఏలాడతందండీ. ఆఫీసు నుంచి రాగానే ఇయ్యాళేం వండానో దానికే చెప్పుకుంటున్నానండీ."

ఆ రోజు పెక్క టీలో పంచదారకు బదులు ఉప్పు వేశాను. ఈసారి కావాలని కాదు.

రాజీ, నీ ఉత్తరాల నిండా మా అల్లుడు, మా ఫిన్లాండు. పదకొండేళ్లుగా నేనున్న సింగపూరు గురించి ఒక్క ముక్క అడగలేదు. కడుపు మండింది. కాస్త భయపెడదామనుకున్నాను గానీ, పిల్లని ఆపేస్తావనుకోలేదు. ఆ చలినీళ్లలో మునిగేవాళ్లున్నారు. సౌనా అనే ఆవిరి గదిలో ఒళ్లు కాచుకుని, తమ ఇష్టంకొద్దీ మునుగుతారు.

ఈ ఉత్తరం నవతచేతే పైకి చదివించు. నన్ను తిట్టుకోమను, పెట్టె సర్దుకుంటూ తిట్టుకోమను. కొత్త కోడలి మూడు మునకల మాట పెక్క చెప్పలేదు, టాంపెరెలో ఎవరూ విననూ లేదు. అది మొదటి నుంచి చివరిదాకా నేను పుట్టించిందే.

ఇట్లు,
చెవులు పట్టుకుని నిలబడ్డ
నీ అన్న
వెంకటరాజు