మధ్యలో ఆగిన మాట

మంగళవారం రాత్రి, భద్రాచలం

పక్షవాతంతో ఈయనకు మాట పడిపోయినప్పటి నుంచి రోజూ పక్కన కూర్చుని ఒక్కో మాటే పలికిస్తున్నాను. "అన్నం" అనగలిగిన రోజు ఇద్దరం ఏడ్చాం.

ఇవాళ మరిది కొడుకు సతీష్ ఖమ్మం నుంచి వచ్చాడు. అక్కడ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. ఫోన్‌లో ఏదో తెరిచి ఈయన దిండు పక్కన పెట్టాడు.

"మనిషి మెదడు లెక్కనే ఆలోచిస్తది పెద్దమ్మా. పెదనాన్న ఒక్క ముక్క అంటే చాలు, మిగతాది అదే చెప్తది."

ఈయన నా వైపే చూస్తూ, దవడ బిగించి, "నీ... నీ..." అన్నారు.

"నీళ్లు కావాలి" అంది ఫోను, ఎంత స్పష్టంగానో! నేను పరుగెత్తుకెళ్లి గ్లాసు తెచ్చాను. ఈయన దాన్ని తోసేశారు. మళ్లీ "నీ..." అన్నారు.

"నీరసంగా ఉంది" అంది ఫోను.

"చూసినవా! గిట్ల రోజూ వాడితే ఇంకా మంచిగ నేర్చుకుంటది" అని సతీష్ మురిసిపోయాడు. ఈయన గోడవైపు తిరిగిపోయారు.

వాణ్ని బస్సెక్కించి వచ్చి, "ఏం చెప్పబోయినవయ్యా? నాకు చెప్పు" అని ఎంత బతిమాలినా పెదవి విప్పలేదు. అన్నం తినమన్నా విప్పలేదు.

యంత్రానికి మాటలు నేర్పడానికి ఎందరెందరో కూర్చున్నారట. ఈయనకు నేనొక్కదాన్నే. ఆ నేనూ ఇవాళ ఆగి వినలేదు.

"నీకు" అనబోయారో, "నీవల్ల" అనబోయారో... తిట్టయినా సరే, ఆయన నోటితోనే వినాలని ఉంది.