ఛాతీ ఎత్తున ప్లగ్గులు

జూలై 6
ఇవాళా సందువాళ్ళెవరూ కొట్టుకు రాలేదు. పొద్దున చేసిన సోయా గింజల టెంపే వేపుడు అలాగే మిగిలింది. మూడు వారాలుగా ఇదే వరస. నేను చేసిన పాపమల్లా నిజం చెప్పడం. మా సందులో రత్మి అమ్మకానికి పెట్టిన ఇల్లు చూసుకుని ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. నా బల్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ, ఇక్కడ వరద వస్తుందా అని అడిగాడు. ఏటా మోకాలు దాటుతుంది, ఒక్కోసారి నడుము దాకా వస్తుంది అన్నాను. కాఫీ సగంలో వదిలేసి బండెక్కాడు. మా బెకసి ఊళ్ళో ఇల్లు కొనేవాళ్ళెవరైనా ముందు సందు మొగలో ఉన్న కొట్లోనే వాకబు చేస్తారు. మా సందులో ఇళ్ళ రేటంతా నా నోట్లో ఉందని అప్పుడు తట్టలేదు.

జూలై 8
రత్మి వచ్చింది. వాళ్ళాయనకు గుండె ఆపరేషన్. ఇల్లు అమ్మితే గానీ జరగదు. ఏడుస్తుందనుకున్నాను, తిట్టింది. నీ నోట్లో మన్ను పడ, సుమర్నీ, బజారంతా మనది కప్పల సందని ఎక్కిరిస్తుంటే చాల్లేదా, నువ్వూ డప్పు కొట్టాలా అంది. వెనకాలే మా సందు పెద్ద సుపార్నో. నిజం చెబితే నీకేమన్నా మెడల్ ఇస్తారా తల్లీ, నాకేం తెలీదు అనొచ్చుగా అన్నాడు.



జూలై 15
రత్మి గోడలకు రంగేయించింది. నీటి చార కనపడటం లేదు.

జూలై 21
రత్మి ఇల్లు చూడటానికి కొత్తవాళ్ళు వచ్చారు. లరస్, ఆమె భర్త బయు. ఇద్దరూ పిల్లకాయల్లా ఉన్నారు. ఆ అమ్మాయికి ఆరో నెల. కాఫీ వాసన పడటం లేదని అల్లం టీ అడిగింది. ఆ ఇంట్లో ప్లగ్గులన్నీ ఛాతీ ఎత్తున పెట్టారేంటి పిన్నీ అంది. మా సందులో అందరి ఇళ్ళలోనూ అంతే, నీళ్ళకు అందకూడదని. నేను మాత్రం, పిల్లలు వేళ్ళు పెట్టకుండా అమ్మా అన్నాను. ఎంత సులువుగా వచ్చేసిందో నోట్లోకి! లరస్ పొట్ట మీద చెయ్యేసుకుని, చూశావా, ఇక్కడ పిల్లలంటే ఎంత శ్రద్ధో అని మొగుడితో మురిసిపోయింది. బయు వరద సంగతి అడిగాడు. ఇక్కడిదాకా రాదు బాబూ అన్నాను.

ఆ మాట అన్నాక టీకి డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు.

ఆగస్టు 3
ఇల్లు అమ్ముడుపోయింది, మంచి రేటుకే. మధ్యాహ్నం సందంతా నా కొట్లోనే. సుపార్నో రెండు ప్లేట్లు లాగించి, ఇప్పుడు దారికొచ్చావు అన్నాడు.

ఆగస్టు 19
లరస్ ఇంట్లో ఎలక్ట్రీషియన్. ప్లగ్గులన్నీ కిందికి దింపిస్తోంది. మంచం పక్కన, నేలకు జానెడు ఎత్తులో. పిల్లల కోసం మూతలు దొరుకుతాయిగా పిన్నీ, అంత ఎత్తున ఉంటే గోడంతా ఆస్పత్రిలా ఉంది అంది. ఇప్పుడైనా చెప్పెయ్యాలనుకున్నాను. నోరు కూడా తెరిచాను. గోడ రంగు బాగుంది అన్నాను.

ఛీ, నేనూ ఒక మనిషినేనా.

నవంబర్ 2
ఆడపిల్ల. కిరానా అని పేరు పెట్టారు. లరస్ వేడుకకు వండిన పసుపన్నం తెచ్చి, దీనికి ఇక్కడ అమ్మమ్మవి నువ్వే అంది.

జనవరి 14, ఉదయం 6
కాలువ పొంగింది. నా ఫ్రిజ్ సంగతి కూడా చూసుకోకుండా పరిగెత్తాను. లరస్ వాళ్ళ తలుపు బాదుతూ, మెయిన్ ఆపండి, ప్లగ్గుల పైదాకా వస్తుంది, మెయిన్ ఆపండి అని అరిచాను. బయు ఆపేశాడు. కాసేపటికే నీళ్ళు ప్లగ్గుల్ని ముంచేశాయి. ఎవరికీ ఏమీ కాలేదు. పరుపు, కుట్టు మిషను, కొత్త బీరువా మాత్రం పోయాయి. పాప నా భుజం మీదే ఉంది. లరస్ ఆ నీళ్ళలో నిలబడి నన్ను అలాగే చూసింది. ఎందాకా వస్తుందో నీకు ముందే తెలుసు కదా అంది. పిన్నీ అనలేదు. వచ్చి పాపను తీసేసుకుంది.

జనవరి 20
క్షమించమని అడగడానికి వెళ్ళాను. తలుపు తియ్యలేదు. రత్మి ఫోన్ చేసింది. వాళ్ళాయన లేచి నడుస్తున్నాడట. సంతోషంగానే అనిపించింది. నా ఏడుపంతా అదే.

మార్చి 5
లరస్ వాళ్ళు ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఎలక్ట్రీషియన్ మళ్ళీ వచ్చాడు. ప్లగ్గులు పైకి ఎక్కిస్తున్నాడు.

మార్చి 11
లరస్ వచ్చింది! దాదాపు రెండు నెలల తర్వాత. పాపను నా ఒళ్ళో పడుకోబెట్టింది. పాప బాగా ఒళ్ళు చేసింది, నా వేలు పట్టుకుని వదల్లేదు. రేపు పదింటికి ఒక జంట ఇల్లు చూడటానికి వస్తున్నారట, చూసుకుని ఇటే వస్తారట. నాకు చెప్పినట్టే చెప్పు పిన్నీ అంది.

మార్చి 12
రెండు అల్లం టీలు. డబ్బులు తీసుకోలేదు.