సున్నా నంబరు సీసా

మార్చి 4, మధ్యాహ్నం 3

నాన్న గొంతు ఇవాళ సముద్రం అవతల ఏదో రేవు ఊళ్లో వినిపించింది. ఆఫీసు స్క్రీన్ మీద మ్యాప్‌లో పచ్చ చుక్క వెలిగింది. పక్కన సున్నా నంబరు.

తప్పు నాదే. మా వైన్ కంపెనీలో నకిలీల బెడద పడలేక సీసాలకి ట్యాగులు పెట్టినప్పుడు, మొదటి ట్యాగు, సున్నా నంబరుది, ట్రయల్ కోసం నేనే చేశాను. బిరడా మీదుగా వెంట్రుకంత తీగ. ఫోన్ ఆనిస్తే అసలు సీసా అవునో కాదో చెబుతుంది, మా మ్యాప్‌లో చుక్క వెలుగుతుంది. బిరడా తీస్తే తీగ తెగి, మళ్లీ ఫోన్ ఆనించినప్పుడు మాకు తెలిసిపోతుంది. కంపెనీ మాట పెట్టాల్సిన చోట సరదాపడి నాన్న గొంతు పెట్టాను. వైన్ నిలవచేసే మా సెల్లార్‌లో నలభై ఏళ్లు పీపాలు రుచి చూసిన మనిషి కదా!

"ఇది మనదేనమ్మా, నిశ్చింతగా తాగండి. రికార్డవుతోందా అమ్మడూ?"

ఆ చివరి ముక్క కూడా తీసేయలేదు. ఆ ట్యాగున్న సీసా ఏదో పెట్టెలో కలిసి వెళ్లిపోయింది. ఆ ఏడాదే నాన్న కూడా వెళ్లిపోయాడు.

మార్చి 5

అమ్మకి చెప్పాను. ఓడ మీద వెళ్లాడా అని అడిగింది. బస్సు వాసనకే కడుపులో తిప్పే మనిషి ఓడెక్కడమేమిటి అని తనే నవ్వింది.

మార్చి 9

ఒక్కరోజులో మూడు దేశాలు. ఒక్క సీసా అలా ఎలా తిరుగుతుంది? నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకుని కూర్చున్నాను.

మార్చి 12

ఇంటికి రాగానే అమ్మ, ఇవాళ ఎక్కడున్నాడని అడుగుతోంది. ఫోన్‌లో మ్యాప్ చూపిస్తే చుక్క మీద వేలు పెట్టి అక్కడ చలిగా ఉంటుందా అంటుంది. రెండు ముద్దలు ఎక్కువే తింటోంది.

మధ్యాహ్నం ఆఫీసు కుర్చీలోనే కునుకు పట్టింది. నాన్న తడి సెల్లార్ చెప్పులతో మంచు వీధిలో నడుస్తున్నాడు. ప్రతి తలుపూ తట్టి, గ్లాసు పైకెత్తి, మనదేనమ్మా అంటున్నాడు. లేచేసరికి ముప్పై చుక్కలు.

మార్చి 17

రెండువందల పన్నెండు.

మేనేజర్ పిలిచాడు. కొత్త ట్యాగుల్ని కాపీ కొట్టలేక, దొంగలు నా పాత ట్రయల్ ట్యాగుని పట్టుకున్నారట. రంగునీళ్లలో ఏదో కలిపి, అన్నిటికీ అదే నంబరు. ఇద్దరు ఆస్పత్రిలో ఉన్నారట. ఫోన్ ఆనించి, విని, తాగారట.

మా నాన్న మాట నమ్మి తాగారు. పీపా కొంచెం పులిసిందని ఓనరుతో గొడవపడి మొత్తం కాలవలో పోయించిన మనిషి, ఆ పాడునీళ్లకి పూచీ ఉంటున్నాడు. నేను ఎనిమిది రోజులు చూస్తూ కూర్చున్నాను. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. సిగ్గేసింది.

మేనేజర్ ఆ నంబరు ఆపేసి, నకిలీ అని ఎర్ర అక్షరాలు పెట్టెయ్యమన్నాడు. సరేనన్నాను. అమ్మకి ఎలా చెప్పను?

మార్చి 18

చెప్పేశాను.  అమ్మ, ఆయనే ఉంటే ఊరుకునేవాడా, దులిపేసేవాడు కాదూ అంది.

గబగబా పాత ఫోన్ వెతికాను. రికార్డు చేసిన రోజే నాన్న పాడైన పీపా ఒకటి రుచి చూశాడు. ఉంది!

"థూ! ఛీ ఛీ, ఇది మనది కాదు. పారబోయండి!"

మార్చి 19

ఎర్ర అక్షరాల బదులు ఇది పెడదామని వినిపిస్తే మేనేజర్ పడీపడీ నవ్వాడు. ఎర్ర అక్షరాలు ఎవడూ చదవడు, పెద్దాయన తిడితే వింటారు అని ఒప్పుకున్నాడు.

కాపీలకి తీగ లేదు, తెగిందన్న కబురూ రాదు. కాబట్టి తీగ తెగితేనే పాత మాట వస్తుంది, లేకపోతే తిట్టే. అసలు సీసా ఎవరి దగ్గరుందో వాళ్లు కూడా ముందు తిట్లు తినాలి, పాపం. అమ్మకి చెబితే, ముందు తిట్టి తర్వాత దగ్గరికి తీసుకోవడం ఆయనకి అలవాటేగా, ముప్పై ఐదేళ్లు పడలేదూ నేను, అంది.

మార్చి 20

మూడువందల నలభై తిట్లు. షాపులవాళ్లు సీసాలు వాపసు ఇస్తున్నారట. ఆస్పత్రిలో ఇద్దరూ లేచి కూర్చున్నారు.

మార్చి 27

పన్నెండు చుక్కలు. ఇంటికొచ్చేస్తున్నాడు అంది అమ్మ.

ఏప్రిల్ 8

ఏమీ లేదు. అమ్మ కూడా అడగలేదు.

ఏప్రిల్ 21, ఉదయం 11.10

ఒక చుక్క. తిట్టాడు.

11.14

మళ్లీ అక్కడే. మళ్లీ తిట్టాడు. ఎవరో మొండిఘటం.

11.31

తీగ తెగింది.

అమ్మకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఆ పాత మాట ఇక్కడ కూడా వినిపించాను. చివరి ముక్కదాకా.

అవుతోంది నాన్నా.