వార్తలకు ముందు

పిన్నిగారికి,

మీ అమ్మాయి పోయాక మా కాలేజీ రేడియో నుంచి నేను పంపిన రికార్డింగు విని, "ఇది మా పిల్ల గొంతు కాదమ్మా, ఇంకోటేదైనా వెతికి పంపు" అన్నారు. ఫోనులో సరే, వెతుకుతానన్నాను. అది తనదే పిన్నీ. మైకు ముందు కూర్చుంటే అందరం ఆ వార్తల గొంతు తెచ్చిపెట్టుకుంటాం.

మీరు అడుగుతున్న గొంతు నాకూ తెలుసు. చదువుతూ తడబడితే పడీపడీ నవ్వి, "ఛీ, నా మొహం, మళ్ళీ చదువుతా ఉండు" అనేది. కానీ ప్రసారానికి ముందు తడబాట్లు, నవ్వులు, దగ్గులు అన్నీ కోసి పారెయ్యడం ఇక్కడి పద్ధతి. కోసినవి దాచం. తనవి కోసేది నేనే. "నీ కత్తెరకి జాలి లేదే" అని వెక్కిరించేది.

స్టూడియోలో ఉన్నవన్నీ జల్లెడ పట్టాను. ఒక్క నవ్వు కూడా దొరకలేదు. అంత శుభ్రంగా చేశాను పని.

ఈసారి పంపుతున్నదాంట్లో మొదట్లోనే, నేను కొయ్యకుండా వదిలేసిన ఊపిరి ఒకటి ఉంది. చెవికి ఆనించుకుని వినండి. అది మీ అమ్మాయి. మీకివ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

ఆ వెంటనే వార్తలు మొదలైపోతాయి.