జనరేటర్ రూమ్ టార్చ్

సలాలా, 14 జూలై 2024
పగటిపూటే కరెంటు పోయింది. జనరేటర్ రూమ్‌కు కిటికీ లేదు, బావిలా ఉంటుంది. టార్చ్ నొక్కాను. వెలగలేదు. ఏడాదికోసారి తీసే టార్చ్. విప్పితే సెల్లులు కారి, లోపలంతా తెల్లగా గడ్డకట్టింది. డీజిల్ ఉన్నచోట ఫోన్ తీయొద్దని కంపెనీ రూల్. చీకట్లో తడుముకుంటూ నిలబడ్డాను. కరెంటు వచ్చేసరికి మెస్ ఫ్రీజర్‌లో చేపలన్నీ పాడయ్యాయి.

ఫోర్‌మన్ రషీద్ అందరి ముందు నా మెడలోని తాళంచెవి తీసి రఘుపతికిచ్చాడు. బుడ్డా హో గయా, ముసలోడివయ్యావు అన్నాడు. రఘుపతి మా రూమ్‌వాడే, మా దిక్కువాడే, నా కొడుకు వయసు. నువ్వు పండుకో కాకా, చీకటిని నేను చూసుకుంట అన్నాడు. రూమంతా నవ్వింది.

ఈ భీమన్న మెడలో ఏళ్లుగా ఉన్న తాళంచెవి అది. రోజూ తెల్లారి రషీద్ వచ్చేసరికి దాంతో జనరేటర్ రూమ్ ముందు నిలబడేవాణ్ణి. ఒక్కరోజు తప్పలేదు. ఇప్పుడు నాకు గేటు డ్యూటీ.

నవ్వనీ.

19 జూలై, శుక్రవారం
దానిష్ దుకాణానికి పోయాను. ఎప్పుడో ఒకసారి వెలిగే టార్చ్‌కు ఏ సెల్లు మంచిదని అడిగాను. ఈ చవక ఎర్ర సెల్లులు గడియారానికే పనికొస్తాయి చాచా, టార్చ్‌లో వేసి మరిచిపోతే కారతాయి అన్నాడు. ఆల్కలైన్‌వి గట్టివేగానీ, అవీ ఊరికే పడుంటే కారొచ్చట. లిథియం కారదు, పదేళ్లు పడున్నా వెలుగుతుంది అన్నాడు.

చేతిలో పట్టుకుంటే లిథియం సెల్లు పేలాల్లా తేలిక. మా దిక్కు బరువుంటేనే సత్తువ అంటాం. మోసం చేస్తున్నావా అన్నాను. వెలగకపోతే నా మొహాన కొట్టు చాచా అన్నాడు. సరే తీసుకున్నాను.

రఘుపతి తన టార్చ్‌కూ తెమ్మన్నాడు. వాడికి ఎర్రవి తీసుకున్నాను. చవకని కాదు. కారతాయని.

అదే రోజు, సాయంత్రం
రఘుపతికి ఇచ్చాను. నీకు నా మీద కోపం లేదు కదా కాకా అన్నాడు. లేదన్నాను.

2 ఆగస్టు
వాడి టార్చ్ మేకుకు వేలాడుతోంది. వాడు దాన్ని ముట్టలేదు. లోపల అవి మెల్లగా కారుతుంటాయి. చూస్తే కడుపు నిండుతుంది.

20 సెప్టెంబర్
ముసురు పోయింది. ఎండొచ్చింది. కరెంటు ఒక్కసారీ పోలేదు. అదీ వాడి పక్షమే.

28 జూన్ 2025
ఇక్కడి వానకాలం మళ్లీ వచ్చింది, మంచు, తుంపర. కొండలు కనబడటం లేదు. నా టార్చ్ తుడిచి జేబులో పెట్టుకున్నాను.

9 జూలై
కరెంటు పోయింది! పదకొండింటికి పోయింది. గేటు వదిలి ఉరికాను. తలుపు దగ్గర రషీద్, లోపల రఘుపతి. వాడు టార్చ్ నొక్కాడు. వెలిగింది. నేనూ నొక్కాను. నాదీ వెలిగింది. వెలుగు పక్కన వెలుగును ఎవడు చూస్తాడు? దో బత్తీ క్యా కరేగా చాచా, రెండు లైట్లెందుకు, గేటు దగ్గరికి పో అన్నాడు రషీద్. జనరేటర్ మోగింది. వాడి చేత్తోనే.

తర్వాత అడిగాను, నేనిచ్చిన సెల్లులేనా అని. కాదు కాకా, అవి గడియారం సెల్లులని దానిష్ చెప్పిండు, టార్చ్‌కు లిథియం తెచ్చుకున్న అన్నాడు. నువ్వు తెచ్చిన దాంట్ల ఒకటి మన గోడ గడియారంల ఏసిన, ఏడాదైంది, మంచిగ నడుస్తుంది, నీ చెయ్యి మంచిది కాకా అన్నాడు.

ఏడాదిగా నేను రోజూ చూసే గడియారం.

10 జూలై
అన్నం తినలేదు. టిక్ టిక్.

1 ఆగస్టు
మా రూమ్‌లో అలారం పెట్టకూడదు. అర్ధరాత్రి డ్యూటీ దిగి పడుకున్నవాళ్లు నిద్రపాడై అమ్మనా బూతులు తిడతారు. అందరం గోడ గడియారం చూసే లేస్తాం. రఘుపతి కూడా. ఇన్నాళ్లూ ఇది నాకు తట్టలేదు.

23 ఆగస్టు, తెల్లవారుజామున
గడియారం మూడింటి దగ్గర ఆగింది. నా ఫోన్‌లో అయిదు. రఘుపతి కన్ను తెరిచి చూశాడు. ఇంకా టైముందని దుప్పటి కప్పుకున్నాడు.

నా దగ్గర మంచి సెల్లులున్నాయి. పదేళ్లుంటాయట. ఉండనీ.

రషీద్ బండి వస్తోంది. గేటు తీయాలి.